నాలుక ముడి - మన బాధ్యత

హజ్రత్ మూసా (అలైహిస్సలాం)కు ప్రవక్త పదవి లభించిన ఘడియను గుర్తు చేసుకుందాం. ఫిరౌన్ వంటి నిరంకుశుని వద్దకు వెళ్లమని ఆదేశం వచ్చింది. అప్పుడు ఆయన సైన్యాన్ని అడగలేదు, సంపదను అడగలేదు. తన హృదయాన్ని విశాలపరచమని, జనం తన మాటను అర్థం చేసుకునేలా నాలుక ముడిని విప్పమని వేడుకున్నారు. తనకన్నా ధారాళంగా మాట్లాడే సోదరుడు హారూన్ (అలై)ను తోడుగా ఇవ్వమని కోరారు. అల్లాహ్ ఆ మొరను ఆలకించాడు. స్పష్టంగా మాట్లాడలేడంటూ ఎగతాళి చేసిన ఫిరౌన్ నీట మునిగాడు. మూసా (అలై) మాత్రం ‘కలీముల్లాహ్’ అనే బిరుదు పొందారు.

ఈ వృత్తాంతాన్ని మనం ఎన్నోసార్లు విన్నాం. మరి మన ఇంట్లోనే మాట తడబడే పసివాడుంటే మనం హారూన్‌లా తోడు నిలుస్తున్నామా? లేక ఫిరౌన్‌లా నవ్వుతున్నామా?

ఒక తల్లి మాతో తన గోడు చెప్పుకుంది. కొడుక్కి ఏడేళ్లు. మాటలు ఆలస్యంగా వచ్చాయి. అక్షరాలు గుర్తుండవు. బడిలో ‘మొద్దు’ అన్నారు, వేరే బడి చూసుకోమన్నారు. ఇంట్లో పెద్దలు తప్పంతా తల్లిదేనన్నారు. తావీజులకు డబ్బు ఖర్చయింది గాని, రెండేళ్లపాటు పిల్లవాడి చెవులను పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు!

సోదర సోదరీమణులారా! ఇది తల్లి చేసిన పాపానికి శిక్ష కాదు, పిల్లవాడి మొండితనమూ కాదు. వినికిడి లోపం వల్ల మాట రాకపోవచ్చు. మెదడు ఎదుగుదలలోని తేడా వల్ల చదవడం, రాయడం కష్టం కావచ్చు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు ఉండటం వల్లనే ఇలా అయిందని కొందరంటారు. అది నిజం కాదు. ఒకటికి మించిన భాషలు వినడం వల్ల ఈ లోపం రాదు. కనుక తల్లి తన భాషలోనే బిడ్డతో ప్రేమగా మాట్లాడవచ్చు.

తవక్కుల్ అంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదు. ముందు ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. దుఆ చేద్దాం, దానితో పాటు ప్రయత్నమూ చేద్దాం. రెండేళ్లు నిండినా రెండు పదాలు కలిపి మాట్లాడని బిడ్డకు మొదట వినికిడి పరీక్ష చేయించాలి. తర్వాత మాటల శిక్షణ ఇచ్చే స్పీచ్ థెరపిస్టును కలవాలి. ‘వాడే నేర్చుకుంటాడులే’ అని ఏళ్లు గడపరాదు. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే బాలల ఆరోగ్య బృందానికి బిడ్డను దాచకుండా చూపాలి. మండలాల్లోని ‘భవిత’ కేంద్రాల్లో ఇలాంటి పిల్లలకు ప్రత్యేక ఉపాధ్యాయులు సాయం చేస్తారు.

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం మాట, భాషకు సంబంధించిన వైకల్యాన్నీ, అభ్యసన వైకల్యాన్నీ గుర్తించింది. గుర్తింపు పొందిన బడులు ఇలాంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలన్నది దాని ఆశయం. కనుక తండ్రి కూడా బడికి వెళ్లాలి. పిల్లవాణ్ణి ముందు వరుసలో కూర్చోబెట్టమని, జవాబుకు కాస్త వ్యవధి ఇవ్వమని, రాయలేనిది నోటితో చెప్పించుకోమని టీచరును మర్యాదగా కోరాలి.

ఇక ఇంట్లో చేయవలసినవి. పిల్లవాడు తడబడుతుంటే అతని మాటను మనం పూర్తి చేయకూడదు. కళ్లలోకి చూస్తూ చివరిదాకా వినాలి. చిన్న చిన్న వాక్యాల్లో నిదానంగా మాట్లాడాలి. రోజూ పావుగంట బొమ్మల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చోవాలి. అన్నదమ్ములతో, పక్కింటి పిల్లలతో పోల్చకూడదు.

మక్తబ్ ఉస్తాదులకూ ఒక విన్నపం. పదాలు తడుముకుంటూ, కష్టపడుతూ ఖుర్ఆన్ పఠించేవారికి రెండింతల పుణ్యం ఉందని ప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అల్లాహ్ రెట్టింపు ప్రతిఫలం ఇచ్చే నాలుకపై మనం బెత్తం ఎత్తడం ఎంత విడ్డూరం! ఆ బిడ్డ ఈరోజు ఒక్క అక్షరమే పలికితే ఆ ఒక్కదానికే ‘మాషా అల్లాహ్’ అందాం. ఇతరులను ఎగతాళి చేయరాదన్న దైవాజ్ఞను తోటి పిల్లలకు అక్కడే నేర్పుదాం.

సంతానం మనకు అప్పగించబడిన అమానతు. చురుకైన బిడ్డ గురించే కాదు, తడబడే బిడ్డ గురించి కూడా రేపు మనల్ని ప్రశ్నించడం జరుగుతుంది. ఆ బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చాయన్నది కాదు, మనం అతనికి ఎంత తోడు నిలిచామన్నదే అక్కడి ప్రశ్న.

అల్లాహ్ మన పిల్లల నాలుక ముడులను విప్పుగాక! వారి మాట వినే ఓర్పును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.