దేహము స్వామి సొత్తు – మనము ధర్మకర్తలము

శ్రీమన్నారాయణుడు సర్వప్రాణుల హృదయమునందు అంతర్యామియై వేంచేసియున్నాడని శ్రుతిస్మృతులు ఘోషించుచున్నవి. గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున ఈ రహస్యమునే అర్జునునకు ఉపదేశించెను. నారాయణసూక్తము హృదయమును అధోముఖమైన తామరమొగ్గతో పోల్చినది. ఈ మాటలను మనము నిత్యము పఠించుచున్నాము, వినుచున్నాము. కాని స్వామి వేంచేసియున్న ఆ కోవెలను మనమెట్లు కాపాడుచున్నామని తమ్ము తాము ప్రశ్నించుకొనువారు అరుదు.

ఏ ద్రవ్యము ఒక చేతనునిచే సర్వదా ధరింపబడి, నియమింపబడి, ఆ చేతనుని కొఱకే యుండునో అది ఆతనికి శరీరమని భగవద్రామానుజులు శ్రీభాష్యమున నిరూపించిరి. జీవుడును, జీవుని దేహమును పరమాత్మకే శేషభూతములు. కావున “నా దేహము, నా యిష్టము” అను మాట శ్రీవైష్ణవునకు చెల్లదు. ఇది స్వామి సొత్తు. మనము దీనికి ధర్మకర్తలము మాత్రమే. కోవెల మాన్యము ననుభవించుచు, విమానము కురియుచున్నను కన్నెత్తి చూడని ధర్మకర్తను లోకము మెచ్చునా?

భారతీయ వైద్య పరిశోధన మండలి సహకారముతో జరిగి 2023లో వెలువడిన ఒక సర్వేక్షణము ప్రకారము మన దేశమున 10 కోట్లకు పైగా జనులు చక్కెరవ్యాధితో ఉన్నారు. మఱి 13 కోట్లకు పైగా దాని అంచున నిలిచియున్నారు. అధిక రక్తపోటు గలవారు 31 కోట్లకు మించిరి. ఈ రెండు వ్యాధులును హృద్రోగమునకు ద్వారములు.

వీనిలోని ప్రమాదమంతయు మౌనమునందే యున్నది. గోపురపు పగులులో పక్షి విడిచిన రావి విత్తనమును చూడుడు. మొదట రెండాకులు మాత్రమే కనబడును. చూచువారికి ముచ్చటగానే యుండును. లోపల వేరు రాతికీళ్ళ నడుమ ప్రాకుచుండును. కొన్నేండ్లకు గోడ చీలిన నాడు గాని దాని బలము తెలియదు. అధిక రక్తపోటును, చక్కెరయు నిట్లే నొప్పి లేకుండ రక్తనాళములను చెఱచును. నాళముల లోగోడలపై కొవ్వు పేరుకొనును. ఒకనాడు ఆ పూత చిట్లి, అచట రక్తము గడ్డకట్టి, గుండెకండరమునకు పోవు దారి మూసికొనును. అదియే గుండెపోటు.

ఇది కేవలము నేటి వైద్యుల మాటయని తలంపవలదు. చరకాచార్యుడు శిరస్సు, హృదయము, వస్తి అను మూడింటిని ప్రధాన మర్మములుగా నెన్నెను. కదలక సుఖముగా కూర్చుండుట, సుఖనిద్ర, పెరుగు, క్రొత్త ధాన్యము, బెల్లపు వంటకములు మున్నగునవి ప్రమేహమునకు హేతువులని వివరించెను. సుశ్రుతాచార్యుడు ధనహీనుడైన ప్రమేహరోగిని మునివృత్తి నవలంబించి, ఒక ఊర ఒక రాత్రికి మించక, నూఱు యోజనములు నడువుమనెను. కడుపులో రెండు పాళ్ళు అన్నమునకు, ఒక పాలు ద్రవమునకు, ఒక పాలు వాయుసంచారమునకు అని వాగ్భటుడు విభజించెను. అధికముగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము సిద్ధింపదని గీత ఆఱవ అధ్యాయము చెప్పుచున్నది. వీరందఱి మాటల సారము ఒక్కటే: మితము.

మా పాఠశాలలో విద్యార్థులము తెల్లవాఱకముందే ఏటికి నడచి, స్నానము చేసి, బిందెతో నీరు మోసికొని వచ్చెడివారము. చక్రపొంగలి, దధ్యోదనము ఉత్సవదినములకే పరిమితము. నేడు ఏరును లేదు, బిందెయు లేదు. ఉత్సవపు భోజనము మాత్రము నిత్యమైనది. పెద్దల ఆచారములో శ్రమను విడిచి రుచిని మాత్రము నిలుపుకొంటిమి.

ఇచట కొందఱు శంకింతురు: “ప్రసాదము వలన కీడు కలుగునా?” అని. ప్రసాదమహిమ పరిమాణమున లేదు. కణమాత్రము కన్నుల కద్దుకొని స్వీకరించినను అనుగ్రహము సంపూర్ణమే. తెచ్చిన లడ్డూను ఇరుగుపొరుగులకు పంచుట మన సంప్రదాయము. చక్కెరవ్యాధి గల గృహస్థు ఆ పంపకములో తన పాలు తగ్గించుకొనినచో అది అపచారము కాదు.

“మఱి ఏకాదశీ వ్రతము?” అందురేమో. బాలురకు, వృద్ధులకు, వ్యాధిగ్రస్తులకు ధర్మశాస్త్రకారులే సడలింపు నిచ్చిరి. ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడువారు పస్తుండిన రక్తములో చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చును. అట్టివారు ముందుగా వైద్యుని అడిగియే వ్రతమును నిర్ణయించుకొనవలెను. ఇక ఆరోగ్యవంతులు ఉపవాసము పేరిట నేతి ఉప్మాలు, వడలు ఆరగించుట ఆత్మవంచనయే. భగవంతుని సమీపమున వసించుటయే ఉపవాసము.

“భారమంతయు స్వామిపై వేసితిమి, మందేల?” అనువారును కలరు. ప్రపత్తికి అంగములైన ఆనుకూల్యసంకల్పము, ప్రాతికూల్యవర్జనము అనువానిని వీరు మఱచిరి. స్వామికి ప్రియమైనది చేయుదునని, అప్రియమైనది మానుదునని సంకల్పించినవాడు స్వామి సొత్తును పాడుచేయునా? ఆయనయే ధన్వంతరిగా అవతరించినప్పుడు మందు సేవించుట అవిశ్వాసమెట్లగును? మ్రొక్కు మ్రొక్కుడు, మందును వాడుడు. సుఖముగా నున్నదని మాత్రలు మానుట మాత్రము తగదు.

యాత్రాపరులకు ఒక మాట. అలిపిరి నుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లు కలవు. అరువదియేండ్లు దాటినవారును, చక్కెరవ్యాధి, అధిక రక్తపోటు వంటి దీర్ఘవ్యాధులున్నవారును కాలినడకన రావలదని దేవస్థానమువారే 2024లో విజ్ఞప్తి చేసిరి. వాహనములో వచ్చినవానిని స్వామి చిన్నచూపు చూడడు. పాదములలో స్పర్శ తగ్గిన రోగులు చెప్పులు లేక నడచినచో గాయము తెలియక పుండగును. ప్రతిరాత్రియు పాదములను పరీక్షించుకొనవలెను.

రొమ్ము నడుమ బరువు, ఒత్తిడి, ఎడమచేతికిని దవడకును ప్రాకు నొప్పి, చెమట, ఆయాసము ఇవి గుండెపోటు సూచనలు. స్త్రీలకును, చక్కెరరోగులకును నొప్పి లేక ఆయాసము, నీరసము మాత్రమే యుండవచ్చును. వాయువని సోడా త్రాగి పరుండరాదు. దర్శనము పూర్తియగుగాక అని వరుసలో నిలిచియుండరాదు. వెంటనే 108కు తెలుపవలెను. గడచిన ప్రతి నిమిషమునకు కొంత గుండెకండరము నశించును.

ధర్మకర్త నిత్యము చేయవలసిన పని కొంచెమే. దినమునకు అరగంట చొప్పున, వారమునకు ఐదు దినములకు తక్కువ కాకుండ వేగముగా నడువవలెను. ఆవకాయ, అప్పడములతో కూడ ఉప్పు దినమునకు 5 గ్రాములకు మించరాదు. పళ్ళెములో అన్నము తగ్గించి కూరలు, పప్పు పెంచవలెను. చుట్ట, బీడీ, పొగాకు తాంబూలము, నశ్యము మానవలెను. ముప్పదియేండ్లు దాటినవారు ఏటేట రక్తపోటును, చక్కెరను చూపించుకొనవలెను. రక్తపోటు 140/90 గాని, పరగడుపున చక్కెర 126 గాని, అంతకు మించి గాని ఉన్నచో వైద్యునికడ మరల పరీక్షించుకొని నిర్ధారణ చేసికొనవలెను.

ఆలయములలో జీర్ణోద్ధరణకు లక్షలు వెచ్చించుచున్నాము. రెండాకుల రావిమొక్కను నాడే పెఱికినచో ఆ వ్యయమేల? తనకు నెలవైన ఈ హృదయమును కడవఱకు పదిలముగా నుంచుకొని సేవించు బుద్ధిని శ్రీనివాసుడు మనకందఱకు ప్రసాదించుగాక! శుభమ్.