చతుర్దశి చంద్రుడు



మొన్న పున్నమి రాత్రి హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద కెమెరాతో నిలబడ్డాను. ఎదురుగా హుస్సేన్ సాగర్, నీళ్ల నడుమ బుద్ధుడు, ఆ వెనక ట్యాంక్‌బండ్ దీపాలు, పైన నిండు చంద్రుడు. కంటికి అన్నీ అందాయి. ఫొటోలో మాత్రం చంద్రుడు సున్నపు బొట్టులా తేలాడు!

తప్పు కెమెరాది కాదు. చంద్రుడంటే మనకు రాత్రే గుర్తొస్తుంది గానీ, అక్కడున్నది పట్టపగలు. ఎండ పడుతున్న బండ అది. దానికి సెకనులో నూరోవంతు చాలు. మేడలకూ వీధి దీపాలకూ కొన్ని సెకన్లు కావాలి. పోనీ అంతసేపూ షట్టర్ తెరిచి ఉంచుదామంటే ఆయన నిలుస్తాడా? రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరిగిపోతాడు.

అందుకే చెయ్యి తిరిగినవాళ్లు చాలామంది పున్నమికి ముందురోజే బయల్దేరతారు. ఆరోజు చంద్రుడు సుమారు 50 నిమిషాలు ముందే వచ్చేస్తాడు. పొద్దు కుంకినా ఆకాశంలో ఇంకా నీలం మిగిలే ఉంటుంది, ఊళ్లో దీపాలు అప్పుడప్పుడే వెలుగుతుంటాయి. నింగి, నగరం, నెలరాజు ఒక తూకానికొచ్చేది ఆ ఇరవై నిమిషాలే.

ఈసారి చతుర్దశి సాయంత్రం తూర్పు ముఖంగా నిలబడి చూడండి. ట్రైపాడ్ మరవకండి. నేను మరిచాను లెండి.