ఎవరికీ తగల్లేదుగా!

ఆదివారం పూట మగవాళ్ళు చేతిలోకి పానా తీసుకున్నారంటే ఆ ఇంటి ఇల్లాలు గుండె చిక్కబట్టుకుని కూర్చోవలసిందే. కుళాయి బాగుచేస్తామని మొదలుపెడతారు, సాయంత్రానికి వంటిల్లు చెరువవుతుంది. మావారూ ఇందుకు మినహాయింపు కాదు. కానీ ఇప్పుడు చెప్పబోయే సంగతిలో మొదటి తప్పు ఆయనది కాదు, నాది.

మేముండేది సిద్దిపేటలో. కొండపాక దగ్గర కాస్త పొలం ఉంది. అక్కడికి వెళ్ళి రావడానికి పాత మారుతి ఓమ్ని వ్యాను ఒకటుంది. పార, గడ్డపార, కొడవలి అన్నీ వెనక సీటు కింద తోసేసేవారు. ఒకసారి ఆ కొడవలి నా గొల్లభామ చీర అంచు పట్టుకుని చర్రున చీల్చేసింది. నెత్తిన కుండతో నిలబడ్డ గొల్లభామను మా ఊరి నేతగాళ్ళు ఎంతో ఓపిగ్గా మగ్గం మీద దించే చీర అది. నాకు కడుపు మండిపోయింది. "ఈ ఇనప సామానంతా వ్యాను నెత్తిన పెట్టుకోండి. లోపల కనిపించిందో, నేను బండెక్కను!" అనేశాను.

ఆయన నా మాట అక్షరాలా పాటించారు. అటక మీది పాత ఇనప మంచం దించి, దాని పట్టీలు కోయించారు. వెల్డింగు షాపులో బెజ్జాలు వేయించారు. టాపు మీది క్యారియరుకు ఆ పట్టీలను నట్లూ బోల్టులూ పెట్టి బిగించి, వాటికి రెండు కొక్కేలు తగిలించి, కొక్కేల్లో గడ్డపార పడుకోబెట్టారు. దడదడ చప్పుడు రాకుండా పట్టీల కింద సైకిలు ట్యూబు ముక్కలు వేశారు. ఖర్చు మూడొందలు దాటలేదు. పక్కింటివాళ్ళొచ్చి చూసి మెచ్చుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ గర్వంగానే అనిపించింది. ఇంట్లో పుట్టిన వస్తువు మీద ప్రేమ అలాంటిది. సొంతంగా పెట్టిన ఆవకాయలో ఉప్పెక్కువైనా మన నాలుకకు తెలియదు చూడండి!

రెండు నెలలు బాగానే గడిచింది. మే నెలలో ఒక మధ్యాహ్నం రాజీవ్ రహదారి మీద ఇంటికి వస్తున్నాం. దుద్దెడ దాటాక నెత్తిమీద ఏదో కదిలినట్టయింది. వెంటనే వెనక ఖణేల్‌మని చప్పుడు. తిరిగి చూస్తే గడ్డపార రోడ్డు మీద పడి ఎగిరి దొర్లుతోంది. దాని వెనకాలే ఒక స్కూటరు. భార్యాభర్తలు, ముందు నిలబడ్డ చిన్నపిల్ల. ఆ అబ్బాయి ఎలా తిప్పాడో తెలియదు, బారెడు ఎడంలో తప్పించుకుని రోడ్డు వారకు పోయి ఆగాడు.

మేము వ్యాను ఆపి దిగేసరికి ఆ గడ్డపార మోసుకుంటూ అతనే మా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, గిది మీదేనా? జర గట్టిగ కట్టుకోన్రి."

అంతే. చేతికిచ్చి వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది. అయిదు కిలోల పైచిలుకు ఇనుము నా చేతుల్లో ఉంది. ఆ పిల్ల స్కూటరు మీంచి నన్నే చూస్తోంది.

ఇంటికొచ్చాక మావారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పోనీలే, ఎవరికీ తగల్లేదుగా!" అన్నారు.

ఈ మాట మనమంతా రోజుకోసారైనా అనేదే. ఆ రాత్రి మాత్రం అది నాకు గొంతు దిగలేదు.

మర్నాడు వెల్డింగు షాపతను చూసి క్షణంలో కారణం చెప్పాడు. ఎండకు ట్యూబు ముక్కలు నలిగి పలచబడ్డాయట. రబ్బరు పలచబడితే దాని మీద బిగించిన నట్టు వదులవుతుంది. పైగా బండి అదురు. నట్టు కింద స్ప్రింగు వాషరు లేదు, దాని పైన రెండో నట్టూ లేదు.

మా అమ్మమ్మ చెప్పే రామాయణంలో, యుద్ధం మధ్యలో దశరథుడి రథానికి చీల ఊడిపోతే కైకేయి తన వేలు పెట్టి చక్రం నిలబెడుతుంది. అందుకే ఆ రెండు వరాలు. ఆ వేలిని అందరూ మెచ్చుకుంటారు. చీల సరిగ్గా పెట్టనివాడెవడని మాత్రం ఒక్కరూ అడగరు. రాజు బతికాడు కదా, ఇంక అడగడమెందుకు?

హైదరాబాదులో ఫిలాసఫీ చదువుతున్న మా అమ్మాయికి ఫోనులో ఇదంతా చెప్పాను. "అమ్మా, దీని మీద 1976లో ఇంగ్లండులో బెర్నార్డ్ విలియమ్స్, అమెరికాలో థామస్ నేగెల్ వ్యాసాలే రాశారు" అంది. నేగెల్ చెప్పింది మా కథలాంటిదే. ఒక లారీ డ్రైవరు బ్రేకులు చూపించుకోలేదు. దారిలో పిల్లవాడు అడ్డం వస్తే జన్మంతా కుమిలిపోతాడు. రాకపోతే హాయిగా ఇంటికెళ్ళి అన్నం తింటాడు. నిర్లక్ష్యం మాత్రం రెండుసార్లూ ఒకటే. మరి తప్పు చిన్నదెలా అయింది?

చట్టం కూడా ఫలితాన్నే చూస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106వ సెక్షను కింద అయిదేళ్ళ దాకా జైలు. ప్రాణం మీదికి తెచ్చి, ఎవరికీ దెబ్బ తగలకపోతే 125వ సెక్షను కింద మూడు నెలల దాకా జైలో, జరిమానాయో. నట్టు ఒకటే, వదులు ఒకటే. మధ్యలో బారెడు ఎడం.

చట్టాన్ని నేను తప్పుపట్టను. పోయిన ప్రాణానికీ పోని ప్రాణానికీ తేడా ఉండాల్సిందే. జరగనిదాన్ని తలుచుకుని జీవితాంతం ఏడవమనీ అనను. కానీ ఆ బారెడు ఎడం మా మంచితనం వల్ల వచ్చింది కాదు కదా! పిల్ల బతకడం దాని అదృష్టం, వాళ్ళ నాన్న చేతి ఒడుపు. అందులో మా వాటా ఆ వదులు నట్టే. తగల్లేదు కాబట్టి శిక్ష తగ్గవచ్చు. సరిదిద్దుకునే బాధ్యత మాత్రం రవ్వంత కూడా తగ్గదని నాకనిపిస్తోంది.

అలాగని ఇంట్లో ఏదీ చేసుకోవద్దా? చేసుకోవాలి. ఆవకాయలో ఉప్పెక్కువైతే తినేది మనమే. టాపు మీద కట్టింది జారితే దెబ్బ వెనకొచ్చేవాళ్ళకి. వాళ్ళు మన పనితనాన్ని మెచ్చుకోనూ లేదు, మూడొందల్లో అయిపోయిందని సంతోషించనూ లేదు. వీధిలోకి వెళ్ళేదాన్ని వాళ్ళ కళ్ళతో ఒకసారి చూడాలి. మన కళ్ళకు ప్రేమ అడ్డొస్తే తెలిసినవాళ్ళకు చూపించాలి.

ఇలా ఆయనకు నీతులు చెబుతూ మేడ మీదికి వెళ్ళానా, పిట్టగోడ మీద వరసగా నా గులాబీ కుండీలు కనిపించాయి! కింద సందులో పిల్లలు గోళీలాడుతున్నారు. పదేళ్ళుగా అవి అక్కడే ఉన్నాయి. ఎవరికీ తగల్లేదు. నోరు మూసుకుని ఒక్కొక్కటీ కిందికి దించాను. మావారు కూడా ఏమీ అనకుండా వచ్చి సాయం పట్టారు.

ఇప్పుడు ఆ పట్టీలకు రబ్బరు లేదు. స్ప్రింగు వాషర్లున్నాయి, జంట నట్లున్నాయి. గడ్డపార మాత్రం గోనెసంచిలో చుట్టుకుని మళ్ళీ నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. నేనే రమ్మన్నాను. పొలానికి బయల్దేరే ముందు నేను పీట ఎక్కి టాపు మీది పట్టీలను రెండు చేతులతో ఊపి చూస్తాను. అంతవరకూ ఆయన బండి తీయరు. ఎప్పుడైనా నేను మరిచిపోయి ఎక్కి కూర్చుంటే, "ఊపావా?" అని ఆయనే అడుగుతారు.