చచ్చినవారి బాకీ

అన్యాయంగా చనిపోయినవారికి బతికున్నవారు ఏం బాకీ పడతారు, ఆ బాకీ తీరేదేనా? జపాన్ భయానక సాహిత్యం శతాబ్దాలుగా అడుగుతున్న ప్రశ్న ఇది. సుగవరా నో మిచిజానే అనే పండితమంత్రి నిందపడి, రాజధానికి దూరంగా 903లో చనిపోయాడు. 930లో రాజభవనం మీద పిడుగు పడి అధికారులు మరణిస్తే, అది ఆయన ఆగ్రహమేనని అంతా నమ్మారు. శాంతి కోసం ఆయన్ను దేవుణ్ణి చేశారు. క్యోటోలోని కితానో గుడిలో విద్యార్థులు నేటికీ పరీక్షల ముందు ఆయనకే మొక్కుతారు. భర్త ద్రోహానికి బలైన ఓయివా కథ 1825లో కబుకి నాటకమైంది. దాన్ని ఆడబోయే నటులు ఇప్పటికీ ముందుగా ఆమె గుడికి వెళ్లి దండం పెట్టుకుంటారు.

ఈ నమ్మకం తెలుగువారికి కొత్త కాదు. పల్నాటి యుద్ధంలో పడిపోయిన వీరులను కారంపూడిలో ఏటా కార్తీకమాసంలో కొలుస్తారు. వారి ఆయుధాలకు పూజ జరుగుతుంది. పర్చూరు వైపు ఊళ్లలో కర్మనాడు పిండాన్ని కాకి ముట్టేదాకా ఇంటివాళ్లు ఎదురుచూస్తారు. ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిపోయిందని తలచి, దాన్ని తీరుస్తామని పైకే మాట ఇస్తారు. దశపిండాలతో ప్రేతకు దేహం ఏర్పడుతుందనీ, సపిండీకరణంతో ఆ ప్రేత పితృదేవతల్లో కలుస్తుందనీ గరుడపురాణం చెబుతుంది. ఇక్కడ బాకీకి లెక్క ఉంది, గడువు ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అది తీరుతుందన్న భరోసా ఉంది.

ఆ భరోసానే కోజి సుజుకి నవల ఆధారంగా హిదేయో నకాతా తీసిన 'రింగు' (1998) దెబ్బకొట్టింది. బావిలో తోసి చంపిన సదాకో ఎముకలు వెలికి తీస్తే, ఒక వీడియో క్యాసెట్ చూసినందుకు తగిలిన శాపం పోతుందని కథానాయిక రేకో నమ్ముతుంది. దిగి, వెతికి, ఆ అస్థిపంజరాన్ని ఒడిలోకి తీసుకుంటుంది. సంప్రదాయం కోరినదంతా చేసినట్టే. అయినా మర్నాడు ఆమె మాజీ భర్త చనిపోతాడు. ఆ క్యాసెట్‌కు నకలు తీసి మరొకరికి చూపించినవారే బతుకుతారు. అంటే బాకీ తీరదు, చేతులు మారుతుంది. తనవాళ్లను కాపాడుకోవాలంటే ఇంకొకరిని బలిపెట్టాలి. ఈ సినిమాలోని అసలు భయం ఇదే. టీవీలోంచి పాకుతూ వచ్చే ఆకారం దాని తర్వాతే.

తెలుగు సినిమా ఇంత దూరం రాలేదు. 'అరుంధతి' (2009)లో దుష్టుడైన పశుపతి ఆత్మకు న్యాయమైన ఫిర్యాదేదీ లేదు, కాబట్టి దాన్ని నాశనం చేస్తే కథ ముగుస్తుంది. బాధితుల ప్రేతం అలా ముగియదు. అందుకే జపాన్ భయానక చిత్రాలను అధ్యయనం చేసే తెలుగు విద్యార్థికి గరుడపురాణం కూడా పాఠ్యగ్రంథమే.