అద్దె యిల్లు - యజమాని కాయకము



కాయకమనగా చేతిపని మాత్రమేయని కొందరు తలంతురు. పుచ్చుకొన్న ధనమునకు ప్రతిగా సత్యనిష్ఠతో చేయు సేవ యంతయు కాయకమే. ఇల్లు అద్దెకిచ్చువానికిని కాయకము కలదు. నెల మొదట అద్దె వసూలు చేసికొనుట మాత్రము అది కాదు. ఆ యింట నివసించువారి ప్రాణములకు భద్రత కల్పించుట.

ఒక దృష్టాంతము. ఒక గృహస్థుడు నిత్యము ఇష్టలింగార్చన చేయుచు, జంగమారాధనకు లోటు రానీయక జీవించుచుండెను. ఆయన మేడమీది వాటాలో ఒక కుటుంబము అద్దెకుండెను. "అయ్యగారూ, స్నానాలగదిలో స్విచ్చి ముట్టిన షాకు కొట్టుచున్నది, వాన పడిన గోడ చెమ్మగిల్లుచున్నది" అని ఆ యిల్లాలు రెండుమార్లు విన్నవించెను. "మఠములో ఉత్సవము కానిమ్ము తల్లీ, తరువాత చూతము" అని ఆయన యనెను. ఉత్సవము ముగియకమునుపే ఆమె కుమారుడు తడిచేతితో ఆ స్విచ్చి ముట్టెను. ప్రాణము దక్కినది గాని కుడిచేయి చచ్చుబడెను. ఉత్సవమునకు ఆయన యిచ్చిన విరాళములో కొంత చాలును, ఆ తీగలు మార్చుటకు!

బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగా దర్శించెను. అద్దెకున్నవాని దేహమును దేవాలయమే కదా! దానిని ప్రమాదమునకు వదలి చేయు దాసోహము శివునకు చేరునా?

లోకధర్మమును ఇదే చెప్పుచున్నది. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను ప్రకారము, వేరు ఒప్పందము లేనిచో, తనకు తెలిసియుండి, అద్దెకు వచ్చువాడు సామాన్య జాగ్రత్తతో కనుగొనజాలని ముఖ్యలోపమును యజమాని ముందే తెలుపవలెను. తాను చేయవలసిన మరమ్మతును, తెలిపిన పిమ్మట తగిన కాలములో చేయనిచో, అద్దెదారు దానిని చేయించి ఖర్చును అద్దెలో తగ్గించుకొనవచ్చును. నిర్లక్ష్యముచే ప్రాణహాని కలిగించినట్లు రుజువైనచో, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను క్రింద ఐదేండ్ల వరకు కారాగార శిక్షయు, జరిమానాయు కలవు.

కావున వానకాలమునకు ముందే విద్యుత్తు తీగలు, ఎర్తు, మెట్ల కటకటాలు, నీటితొట్టి మూత, పెచ్చులూడు కప్పు పరీక్షింపవలెను. షాకు తగిలినంతనే విద్యుత్తు నాపు పరికరమును బిగింపించుట మేలు. అద్దెదారు చెప్పిన లోపమును తేదీతో వ్రాసికొని, చేయించిన పనికి రసీదు భద్రపరచవలెను. అద్దెదారును లోపము కనబడిన వెంటనే తెలుపుట, ఇంటిని తనదిగా చూచుకొనుట ధర్మము. అంగళ్లు అద్దెకిచ్చు మఠములకును ఇదే నియమము. అందరికంటె ముందు అవియే దీనిని పాటింపవలెను.

ఇట్లు శ్రద్ధ వహించి పుచ్చుకొన్న అద్దెయే కాయక ధనము. దానితో చేయు దాసోహమే పరిశుద్ధము. నేటి సాయంకాలమే ప్రతి యజమానియు ఒకసారి తన యద్దె యింటి మెట్లెక్కి, "అమ్మా, ఏమైన లోపమున్నదా?" యని అడుగుగాక!

శివార్పణమస్తు.