కంటికి కనబడని జీవి, వర్తకుని పూచీ

సున్నపురాతి గుహల చీకటిలో నల్లిజాతి జీవులు కొన్ని బ్రతుకుచున్నవి. రైతులు ఎర్రనల్లి అని తిట్టుకొను పురుగునకు ఇవి దాయాదులు. కాళ్లెనిమిది, చాలవాటికి కన్నులు లేవు, ముందరి కాళ్ల నూగుతో తడుముకొనుచు తిరుగును. తేమ తగ్గినచో బ్రతుకవు. ఒక జాతి ఒకే గుహకు పరిమితమగుటయు కలదు. ఆ గుహ పోయిననాడు జాతియు పోవును. ప్రజాతిలో మిగిలినది అదొక్కటే అయినచో ప్రజాతియే అంతరించును. పేరు పెట్టువారు రాకముందే గతించినవి ఎవరి ఖాతాలోను ఎక్కవు. ఆంధ్రదేశపు భూగర్భజలములలోని కన్నులేని జీవియొకటి, రొయ్యలకు దూరపు బంధువు, 2011లో గాని ఆంధ్రకాయిడిస్ అను ప్రజాతిగా లెక్కకు రాలేదు.

జీవుడు నశింపడు గదా, జాతి అంతరించిన పోయినదేమి అని కొందరడుగుదురు. ఈ తర్కము నిలిచినచో చీమను త్రొక్కుటయు దోషము కారాదు. తత్త్వార్థసూత్రము హింసయన్నది జీవుని నాశమును కాదు, ఏమరుపాటుతో ప్రాణములను వేరుచేయుటను.

తెలియనిదానిపట్ల ఏమరుపాటెట్లు? చిక్కంతయు ఇక్కడనే. నంద్యాల జిల్లా బేలం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ పేర్కొనెను. 3,229 మీటర్ల ఆ గుహలను 2002లో యాత్రికులకు తెరచిరి. పూర్వము జైన, బౌద్ధ భిక్షువులచ్చట నివసించిరని చెప్పుదురు. జైనముని కూర్చొనుటకు ముందు నెమలిపింఛముల కుంచెతో నేల తుడుచును. అచ్చట ఏ పురుగున్నదో తెలిసి కాదు, ఉండవచ్చునని.

ఇక జూజువాడిలో ఒక వర్తకుడు కడప బండలు తెప్పించి అమ్ముచున్నాడనుకొందము. కృష్ణగిరి గ్రానైటు నీటికి కరగదు, దానిలో అట్టి గుహలేర్పడవు. కడప, కర్నూలు ప్రాంతపు సున్నపురాయి కరగును, గుహలగును. శ్రావకునకు వలదన్న పదునైదు వృత్తులలో నేలను, రాతిని పగులగొట్టు స్ఫోటకర్మ యొకటి. ఈ వర్తకుడు గునపము ముట్టలేదు. అయినను చేయుట, చేయించుట, ఆమోదించుట అని మూడు వాకిళ్లున్నవి. బిల్లు చెల్లించినవాడు రెండవ వాకిట నిలిచెనో మూడవ వాకిట నిలిచెనో తానే తేల్చుకొనవలెను. అంతదూరము చూచిన వ్యాపారమే సాగదందురు. నిజమే, అందుకే గృహస్థునకు ఉద్యోగహింసలో కొంత సడలింపు. కాని అడుగకుండుటకు సడలింపు లేదు. బండ ఏ గనిది, త్రవ్వునప్పుడు గుహ బయటపడినదా, పడినచో అచ్చట పని ఆపిరా అని అడుగుటకు ఒక ఉత్తరము చాలును. జవాబు చెడ్డదైనచో సరకు వేరొకచోట కొనవలెను, ధర పెరుగును. బేరమునకు వచ్చినవాడు రెండు రూపాయలు తక్కువని ప్రక్క దుకాణమునకు పోవును.