ఇవ్వడానికి వీల్లేని సొత్తు

మొన్న ఆదివారం పూజ ముగిశాక గుడి మెట్ల దగ్గర ఒక తల్లి తన పదమూడేళ్ళ కొడుకును నా ముందు నిలబెట్టింది. "మాస్టారూ, వీడికి మీరైనా చెప్పండి. పిన్ని కొడుకు నాలుగు రోజులు ఆడుకుని తిరిగిస్తానంటే ఆ కారు పందేల ఆట ఇవ్వనంటున్నాడు. ఇంత పిసినారితనం మా ఇంటా వంటా లేదు" అంది. వాళ్ళ నాన్నగారు కిందటేడు కువైట్ నుంచి వస్తూ వీడియో గేముల పెట్టె తెచ్చారట. పిల్లవాడు తల వంచుకుని, "ఇవ్వనని కాదండీ, ఇవ్వడం కుదరదండీ" అన్నాడు.

ముప్పై ఏళ్ళు బడిలో ఇలాంటి జవాబులు విన్నవాణ్ణి కనుక నేను తల్లి పక్షమే వహించి, పంచుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పాను. వాడు ఎదురు చెప్పలేదు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి చూశాక గాని నేను తొందరపడ్డానని తెలియలేదు. ఆ పెట్టెకు డిస్కు పెట్టే చోటే లేదు. ఆట ఇంటర్నెట్ ద్వారా వచ్చి లోపల కూర్చుంది, నాన్నగారి ఖాతాకు ముడిపడి ఉంది. చేత్తో తీసి ఇవ్వడానికి వస్తువంటూ ఏమీ లేదు. ఖాతా పాస్‌వర్డు ఇవ్వవచ్చు గాని, ఆ ఖాతాలోనే నాన్నగారి బ్యాంకు కార్డు కూడా ఉంది.

మరి డబ్బు పోసి వాళ్ళు కొన్నదేమిటి?

పొలం పట్టా ఉన్నవాడికీ, కౌలుకు చేసుకునేవాడికీ తేడా మన ఊళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కౌలు తప్పు కాదు. కానీ కౌలుకిచ్చి, "నీకు అమ్మేశాను" అని చెబితే అది ఏ లెక్కలోకి వస్తుంది? ఆటలు, సినిమాలు, ఫోనులో చదివే పుస్తకాలు అమ్మే చోట మీట మీద "కొనండి" అని ఉంటుంది. మనం చదవకుండా "అంగీకరిస్తున్నాను" అని నొక్కే పొడవాటి షరతుల్లో మాత్రం ఇది అమ్మకం కాదు, వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే అని రాసి ఉంటుంది.

ఇది మాటల గారడీ అనుకుంటే పొరపాటు. 2009లో అమెజాన్ సంస్థ, హక్కులు లేనివారు అమ్మారన్న కారణంతో, పాఠకులు డబ్బిచ్చి కొన్న జార్జ్ ఆర్వెల్ పుస్తకాలను వాళ్ళ కిండిల్ పరికరాల్లోంచి చెప్పకుండా తీసేసింది. డబ్బు తిరిగిచ్చింది, తర్వాత క్షమాపణ కూడా చెప్పింది. అయినా రాత్రికి రాత్రి మన అలమరలోంచి పుస్తకం తీసుకుపోయి బల్లమీద డబ్బు పెట్టి వెళ్ళినవాణ్ణి మనం ఏమంటాం? 2022లో సోనీ సంస్థ జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో ఖాతాదారులు అంతకుముందు కొన్న కొన్ని సినిమాలు ఇక కనిపించవని ప్రకటించింది. యూబీసాఫ్ట్ వారి 'ద క్రూ' అనే కారు పందేల ఆట 2014లో వచ్చింది. 2024 మార్చి 31న దాని సర్వర్లు ఆపేశారు. డిస్కు కొని ఇంట్లో దాచుకున్నవారికి కూడా ఆ రోజుతో ఆట పోయింది. అంటే చేతిలో డిస్కు ఉన్నంత మాత్రాన ధీమాగా ఉండడానికి లేదన్నమాట.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఈ చిక్కును మాట దగ్గరే పట్టుకుంది. 2025 జనవరి 1 నుంచి అక్కడ అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, ఇచ్చేది అనుమతి మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనే మాట వాడకూడదు. వస్తువును తిరిగి లాక్కోవద్దని ఆ చట్టం అనలేదు, అబద్ధం ఆడవద్దని మాత్రమే అంది. చిన్న సంస్కరణే, కానీ నాకు నచ్చింది.

కంపెనీల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. సర్వర్లు నడపడానికి ఏటేటా ఖర్చవుతుంది. నకళ్ళ బెడద కూడా ఉంది. ఆ విషయంలో మన చేతులు అంత శుభ్రమైనవి కావు. భక్తిగీతాల క్యాసెట్టు ఒకటి కొని పది నకళ్ళు తీసి పంచిపెట్టిన విచారణలో నేనూ ఉన్నాను. పాడినవాళ్ళకు, రాసినవాళ్ళకు దక్కవలసింది మేం ఎగ్గొట్టాం. అప్పట్లో అది పుణ్యమనుకున్నాం.

నకలు తీసివ్వడం వేరు, అరువివ్వడం వేరు. మా వీధిలో ఒక్కరి దగ్గరే ఉన్న 'కరుణామయుడు' వీడియో క్యాసెట్టు క్రిస్మస్ రోజుల్లో ఇల్లిల్లూ తిరిగేది. అది పక్కింట్లో ఉన్న రోజున సొంతదారుడి ఇంట్లో ఉండేది కాదు. వాళ్ళ పిల్లలు అడిగితే, "వాళ్ళు చూడనీయండిరా, రేపు వస్తుంది" అనేవారు ఆ ఇంటావిడ. ఆ ఒక్కరోజు లేకుండా ఉండడమే ఆమె ఇచ్చిన అసలు కానుక.

వస్తువులను సొంతంగా ఉంచుకుని బాగోగులు చూసుకునే హక్కు మనిషికి ఉందనీ, వాడకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అక్కర ఉన్నవారితో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలనీ పునీత థామస్ అక్వినాస్ 13వ శతాబ్దంలోనే వివరించారు. ఆయన దృష్టిలో సొంతమూ, పంచుకోవడమూ ఒకదానికొకటి విరోధం కావు. కారు పందేల ఆట అక్కర కాదు, సరదా అని మీరు అనవచ్చు, నిజమే. కానీ పిల్లలు ఇవ్వడం నేర్చుకునేది బియ్యం బస్తాలతో కాదు, బొమ్మలతోనే. అరువిచ్చే వీలు తీసేసినవారు కొనుగోలుదారుడి హక్కుతో పాటు ఆ పిల్లవాడికి దయ చూపే సందర్భాన్ని కూడా తీసుకుపోతున్నారు. ఆపైన పిసినారి అనే పేరు మాత్రం వాడికి మిగులుతోంది.

వారసత్వం మాటేమిటని కూడా ఆలోచించాను. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ సంస్థ, ఖాతాను వీలునామా ద్వారా మరొకరికి బదిలీ చేయడం కుదరదని 2024లో ఒకరికి జవాబిచ్చినట్టు పత్రికల్లో వచ్చింది. తాతగారి వాచీ వస్తుంది, ఆయన ఆటలు రావు.

ఇదంతా సాంకేతిక విజ్ఞానం శాసించిన తలరాత కాదు. 2013లో మైక్రోసాఫ్ట్ తన కొత్త ఎక్స్‌బాక్స్‌లో డిస్కులు అరువిచ్చుకోవడానికి ఆంక్షలు పెడతానంది. జనం గోల చేసేసరికి కొద్దివారాల్లోనే వెనక్కు తగ్గింది. నింటెండో సంస్థ 2025లో తెచ్చిన ఏర్పాటులో, డిస్కు లేకుండా కొన్న ఆటను కూడా కుటుంబంగా నమోదైన వారికి రెండు వారాలు అరువివ్వవచ్చు. అక్కడ ఉన్నన్నాళ్ళూ అది ఇచ్చినవాడి దగ్గర ఆడదు. అచ్చం ఆ క్యాసెట్టులాగే! కుటుంబం అంటే ఎనిమిది మందికి మించరాదట. మన వైపు పిన్నమ్మలు, మేనత్తల పిల్లలను లెక్కపెట్టినవారెవరూ ఆ అంకె వేసి ఉండరు.

మర్నాడు బడి నుంచి వస్తున్న ఆ పిల్లవాణ్ణి ఆపి, "నిన్న నిన్ను అనవసరంగా అన్నానురా, తప్పు నాదే" అన్నాను. వాడు సిగ్గుపడి, "పర్లేదండీ" అని రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కు వచ్చాడు. "మాస్టారండీ, అమ్మతో కూడా చెబుతారా?"

చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, చెల్లెలికి ఫోను చేసింది. శనివారం ఆ రెండోవాడు బస్సెక్కి వచ్చాడు. ఒకటే కంట్రోలరు ఉండడంతో వంతులేసుకున్నారు. మన వాడి వంతు వచ్చినప్పుడల్లా, "ఇంకో పందెం నువ్వే ఆడు" అనడం వంటింట్లోకి వినబడుతూనే ఉందని ఆవిడ తర్వాత నాతో చెప్పింది.